మూల మీద గీత

“దొరికిందోయ్!”

అటక మీంచి మా ఆయన పెట్టిన కేకకి నా చేతిలో కాఫీ ఒలికిపోయింది. ఒలికితే ఒలికింది! కుక్కర్ అట్టపెట్టెలో, గ్యారంటీ కార్డు మడతలో దాక్కున్న మా లాప్‌టాప్ బిల్లు బయటపడింది. పెళ్లయిన ఈ మూడు నెలల్లో ఆయన నోట ఇంతకన్నా తియ్యటి మాట వినలేదంటే నొచ్చుకుంటారు గానీ, నిజం.

పెళ్లి కుదిరిన కొత్తలో ఇద్దరం కలిసి కొన్న తొలి వస్తువది. ఆయన మనసు పలచగా మెరిసిపోయే ఇంకో బ్రాండ్ మీదుంది. పేరుదేముంది, చెడితే బాగుచేసేవాళ్లు నడిచి వెళ్లే దూరంలో ఉండాలని వాదించి నేనే గెలిచాను. షోకేసులో పెట్టిన పీసు, మూల మీద చిన్న గీత ఉందని ధర కూడా తగ్గించారు. ఎంత మురిసిపోయానో!

రెండు వారాల క్రితం మూత తెరుస్తుంటే కీలు టక్కున విరిగింది. అప్పట్నుంచీ తెరని పిండి డబ్బాకి ఆనించి ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. మర్నాడే షాపుకి పట్టుకెళ్లాం. షాపాయన పళ్లు ఇకిలించకుండా మాట్లాడలేడు. అందుకే మా ఇంట్లో అతని పేరు ఇకిలింపు. మూల మీద గీతని గోటితో గీకి చూశాడు.

“కింద పడేశారండీ. వారంటీ రాదు.”

“ఆ గీత కొన్నప్పుడే ఉందండీ. మీరే చూపించారు.”

“అలా అని కాగితం ఉందా?” అని మా ఆయన వైపు తిరిగి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నాడు. “కొత్త కాపురం కదా సార్! అలిగితే చేతికి అందింది విసురుతారు. ఈసారి దిండు అందించండి!”

అందరూ గొల్లుమన్నారు. మా ఆయనతో సహా! ఆ నవ్వుకి ఆయన ఇవాళ్టికీ అంట్లు తోముతున్నారు. ఇక మిగిలింది ఇకిలింపు.

బిల్లు తిరగేశాను. ఆకుపచ్చ సిరాతో అతని దస్తూరీయే. ‘షోకేసు పీసు. మూల మీద గీత చూపించి అమ్మాం. ఏడాది వారంటీ పూర్తిగా వర్తిస్తుంది.’ కింద సంతకం, ముద్ర. తేదీ చూస్తే గడువు ఎల్లుండితో సరి. మడతలు పోవాలని ఇస్త్రీ పెట్టె తీశాను.

“మెషిన్ బిల్లు కాగితం, వేడికి నల్లబడుతుందే తల్లీ!” అని మా ఆయన నిచ్చెన మీంచి దూకినంత పని చేసి లాక్కున్నారు.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు. “ఏంటే ఆ గోల? కొత్తది ఇస్తారా ఏంటి?”

“ఇవ్వరత్తయ్యా. నేనూ అడగను. కాఫీ ఒలకబోస్తే మన ఖర్మ, బ్యాటరీ అరిగితే దాని వయసు. కీలు దానంతటది విరిగితే మాత్రం వాళ్లే మార్చాలి. నాకు కావల్సింది ఒక కీలు, పదిమందిలో ఒక క్షమాపణ. అంతే.”

“ఫొటో తీసి పంపితే పోతుందిగా,” అన్నారు మా ఆయన.

“ఇంకో వారం అంట్లు తోమాలనుందా?”

ఆయన బుద్ధిగా బిల్లుని నిఘంటువు కింద పెట్టారు. ఫొటో పంపితే ఇకిలింపు ఒక్కడే చదువుకుని ఒక్కడే సిగ్గుపడతాడు. ఎవరికి లాభం? నాకు ఆ వరస కావాలి. ఆ ఇకిలింపు పెదాల మీదే ఎండిపోవడం కళ్లారా చూడాలి.

“రేపు పదకొండింటికి, షాపు కిటకిటలాడుతుంటే వెళ్తాను,” అన్నాను. “వెనక రాసింది అతని చేతే గట్టిగా చదివిస్తాను. కీలు మారుస్తానని రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవను.”

“నువ్వడిగితే చదవడే. నేను వస్తాను,” అన్నారు అత్తయ్య. “కళ్లజోడు ఇంట్లో పెట్టొచ్చి, ‘బాబూ, కాస్త చదివిపెట్టు, చెవి కూడా సరిగ్గా వినబడదు’ అంటాను. పదిన్నరకల్లా బయల్దేరాలి. ఒరేయ్, నువ్వూ రా. ఈసారైనా నవ్వాల్సిన చోట నవ్వు!”