రాజెవరని అడిగితే

సముద్రం మీద దోపిడీకి తిరిగే వైకింగుల పడవలు నది మలుపు తిరిగేసరికి ద్రుమ్‌కల్లన్ కోటకు తలుపు లేదు. లోపల తన చిన్నాన్న కొడుకు ఫొయిలాన్ ఉన్నాడని కెల్లఖ్ వసంతంలో దాన్ని తగలబెట్టాడు. తగలబెట్టినవాడే కొత్తది పెట్టించాలని ఫొయిలాన్ పట్టుబట్టి కూర్చున్నాడు.

మ్యూరెన్ ఆ ఇద్దరికీ మేనత్త. ఆమె పెద్దన్న, పాత రాజు, పిల్లల్లేకుండా పోయిన నాటి నుంచి రాజ్యం నాదంటే నాదని కొట్టుకుని ఇద్దరూ ఊళ్ళో మగవాళ్ళను సగం చేశారు. ఈ గొడవ చూసి పొరుగు రాజు ఎఖాద్ తాపీగా వచ్చి ఆవులన్నిటినీ తోలుకుపోయాడు. పాలూ వెన్నా లేక జనం నీళ్ళలో ఉడికించిన ఓట్స్ గింజల జావతో బతుకు ఈడుస్తున్నారు.

ఆ జావే కలుపుతోంది మ్యూరెన్, దండు లోపలికి వచ్చినప్పుడు. అడ్డుకున్నవాళ్ళు లేరు. దండు నాయకుడు హాల్‌స్టైన్ భార్య ఒకప్పుడు ఈ తీరం నుంచే అతను ఎత్తుకుపోయిన మనిషి. ఇక్కడి భాష అతనికి వచ్చిందంతా ఇంట్లో ఆవిడ తిట్లలోంచే.

“బుద్ధుందా మీకు? ఎక్కడ తగలడ్డాడు మీ రాజు?” అని గద్దించాడు. చేతిలో గొడ్డలి ఉంది కాబట్టి ఎవరూ నవ్వలేదు.

“అన్నయ్యండీ రాజు,” అన్నాడు ఫొయిలాన్. “పెద్దవాడు. నేనెంత.”

“అబ్బే, జనం వీడి మాటే వింటారు. నేను ఊరికే చూసి పోదామని వచ్చాను,” అన్నాడు కెల్లఖ్.

మ్యూరెన్‌కు తల కొట్టేసినట్టయింది. ఈ మాట కోసమా ఇంతమంది తల్లులు కొడుకులను పాతిపెట్టుకున్నది? గరిటె పక్కన పెట్టింది. వచ్చినవాడు దొంగయితే దొరికిన మనుషులను పడవెక్కించి బానిసలుగా అమ్ముకుంటాడు. రాజయితే తన మనుషులను తాను అమ్ముకోడు. ఆమెకు అప్పటికి తట్టింది అంతే.

“వాళ్ళిద్దరూ కాదు నాయనా, నువ్వే,” అని హాల్‌స్టైన్‌ను పట్టాభిషేకపు రాతిమీద నిలబెట్టి, తెల్లటి రాజదండం చేతికిచ్చింది.

రాజు ఏం చెయ్యాలని అడిగాడతను. కూర్చుంటే వాళ్ళే చెబుతారంది. చెప్పారు కూడా. పక్కవాడి పంది తన క్యాబేజీ తినేసిందని ఒకడు, ఆ పందిని వీడు తినేశాడని ఇంకొకడు. ఇంటికప్పు ఎప్పుడు వేయిస్తావని ఒక ముసలామె అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నానికి హాల్‌స్టైన్ నీరసించి అన్నం పెట్టమన్నాడు. జావ పోశారు. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి, ఇది మనుషులు తాగేదేనా, ఆవులేవని అడిగాడు.

“నీ ఆవులా? ఎఖాద్ తోలుకుపోయాడు,” అంది మ్యూరెన్.

అతను గిన్నె కింద పెట్టాడు. “నా ఆవులా?”

మర్నాడు దండు బయలుదేరింది. వెనక ఉంచడానికి నమ్మకం కుదరక హాల్‌స్టైన్ ఆమె మేనల్లుళ్ళిద్దరినీ ముందు నడిపించాడు. కొన్నాళ్ళకు కొండ మీంచి ముందు ఆవులు దిగాయి, తర్వాత మనుషులు. హాల్‌స్టైన్ తలకు గుడ్డ కట్టి ఉంది. ఎడమ చెవి సగం ఎగిరిపోయింది.

అంగవైకల్యం ఉన్నవాడు రాజుగా పనికిరాడని అక్కడి ధర్మం. అది ముందు గుర్తొచ్చింది కెల్లఖ్‌కు. ప్రమాదం దాటిపోయింది కదా, ధైర్యం కూడా తిరిగొచ్చింది. చెవి తెగినవాడు రాజెలా అవుతాడని సభలో లేచి అడిగాడు. ఫొయిలాన్ అవునన్నాడు. ఆ ఏడాదిలో ఇద్దరి మాటా ఒకటవడం అదే మొదలు. రాజవంశంలో పెద్దది కాబట్టి మ్యూరెన్‌నే చూసి చెప్పమన్నారు.

ఆమె గుడ్డ విప్పి చాలాసేపు చూసింది. పనికొస్తాడని తను ఒక్క మాటంటే తాతల నాటి రాజ్యం ఇక ఇంటికి రాదు. అన్న గుర్తొచ్చాడు. చుట్టూ ఆడవాళ్ళు పాల చెంబులతో నిలబడి ఉన్నారు. పిల్లల మూతులకు నురగ అంటుకుని ఉంది.

“రెండు చెవులూ ఉన్నాయి. ఒకటి కాస్త పొట్టి, అంతే.”

“అత్తా, సగం లేదు కదే,” అన్నాడు కెల్లఖ్.

“నీకు కనబడిందిట్రా? ఇంకెవరికైనా కనబడిందా?”

జనం చెంబుల్లోకి చూసుకున్నారు.

ఎఖాద్ ఇక నోరు మూసుకుంటాడా అని హాల్‌స్టైన్ ఆమెను పక్కకు పిలిచి అడిగాడు. ఆకులు రాలేలోపే వస్తాడని, ఆ తర్వాత కూడా వస్తూనే ఉంటాడని చెప్పిందామె. అతను నిట్టూర్చి, పడవలను ఒడ్డు మీదికి ఇంకా లాగి కట్టెయ్యమని తనవాళ్ళకు చెప్పాడు.

మ్యూరెన్ తన మచ్చల ఆవు దగ్గరకు వెళ్ళి కూర్చుంది. వేసవంతా పరాయి చేతుల్లో మెలిగిన ఆవు ఆమెను గుర్తుపట్టక ఒక్క తన్ను తన్నింది. చెంబు తీసుకుని మళ్ళీ దగ్గరకు జరిగిందామె.