అక్క కూర్చున్న రాయి

మా బావ దర్జీ. కళ్ళు మూసుకుని ముట్టుకున్నా నూలేదో పట్టేదో చెప్పేస్తాడు గానీ, రాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు? అందుకే "పాత రాళ్ళ కొట్టులో మీ అక్క రాయి దొరికింది, రా మరదలా" అని ఫోన్ చేస్తే నమ్మలేదు. నమ్మకపోయినా కాళ్ళు ఆగలేదు.

మా నాన్న రాళ్ళు కొట్టేవాడు. చారల ఇసుకరాయి ఒకదాన్ని రెండుగా చీల్చి, వాకిట్లో కూర్చోవడానికి అక్కకొకటి, నాకొకటి ఇచ్చాడు. అక్క పోయాక బావ ఇల్లు మారాడు. ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్ళు రాయిని ఎవరికో ఇచ్చేశారు. నాకు మా అక్క కావాలి. అక్క ఎలాగూ రాదు. కనీసం ఆ రాయైనా కావాలి.

కొట్టులో బావ చూపించిన రాయి ముందు చతికిలబడ్డాను. ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. అవే చారలు.

"ఏం, అదేనా?" అన్నాడు బావ.

"ఆగు బావా. గుడ్డ కొన్నట్టు రంగు చూసి కొంటే సరిపోతుందా? చెంబుడు నీళ్ళు తే."

రంగు చారలను నమ్మొద్దనేవాడు నాన్న. అవి ఎప్పుడో తుప్పునీళ్ళు ఇంకి పడ్డ మరకలు. రాయి పుట్టుక ఇసుక పొరల్లో ఉంటుంది. ఒకటి ముతక, ఒకటి సన్నం. తడిపితే తేలతాయి, గోటికి తగులుతాయి. మా రాయిలో ఆ పొరలు చారలకు అడ్డంగా, ఏటవాలుగా పోతాయి. "నాలాగే పెంకిది, చెప్పిన దారిన పోదు" అని అక్క మురిసిపోయేది.

నీళ్ళు పోసి గోటితో రాశాను. పొరలు చారల వెంటే బుద్ధిగా పోతున్నాయి. ఒక్కోసారి ఒక పక్క చూస్తే అలాగే మోసం చేస్తుందని, రాయిని తిప్పించి మళ్ళీ పోశాను. అక్కడా అంతే.

ఇదే అనేస్తే కాదనేవాళ్ళు ఎవరున్నారు? మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇది కాదు బావా."

బావ భుజం మీది తుండుతో రాయి తుడవడం మొదలుపెట్టాడు. "తెలుసు. పొద్దున్నే తడిపి చూశా. మీ అక్క నాకూ నేర్పిందిలే."

"మరి నన్నెందుకు పిలిచావు?"

ఆయన తుడుస్తూనే ఉన్నాడు.

"నీకేం తెలుసు బావా అని ఎప్పుడూ తిడతావుగా. ఇవాళ ఒక్కసారి ఆ తిట్టు నిజమైతే బాగుండుననిపించింది."