బొడ్డు కొయ్యకుండా

నాకు తొందరెక్కువ. ఆపరేషన్ గదిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. బిడ్డ బయటపడీ పడగానే బొడ్డుతాడుకు క్లిప్పులు పడాలి, కత్తెర నా చేతిలోకి రావాలి. రాకపోతే నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అలాంటిదాన్ని పట్టుకుని, బిడ్డ సగం బయటికొచ్చాక బొడ్డు కొయ్యకుండా నిలబడమంటే ఎలా ఉంటుంది చెప్పండి?

నిలబడమన్నది మా నిదానం డాక్టర్. ఊపిరాడని పసిపిల్లల గొంతులో గొట్టం వేయడం ఆయన పని. లిఫ్టు వస్తే అందర్నీ ఎక్కనిచ్చి, అది నిండిపోతే ఇంకోదాని కోసం ఆగే రకం. అందుకే ఆ పేరు పెట్టాం.

మా దగ్గరికొచ్చిన అమ్మాయి దర్జీ పని చేస్తుంది. తొలి కాన్పు. స్కానింగ్‌లో బిడ్డ మెడ ముందు కమలాపండంత గడ్డ కనిపించింది. తర్వాత కోసి తీసేయొచ్చు. చిక్కల్లా అది శ్వాసనాళాన్ని నొక్కేస్తోంది. కడుపులో ఉన్నన్నాళ్లూ ఫర్వాలేదు, బొడ్డుతాడు గుండా అన్నీ తల్లి నుంచే అందుతాయి. తాడు కోశామా, ఆ బిడ్డకు ఊపిరికి దారి లేదు. అందుకని తలా భుజాలూ మాత్రమే బయటికి తీసి, తాడు తెగకుండా గొట్టం వేయాలి. అంతసేపూ గర్భసంచి బిగుసుకోకుండా మత్తు గట్టిగా ఇవ్వాలి. సంచి వదులైతే తల్లికి రక్తం పోతుంది. బిడ్డ ఆయన పూచీ, తల్లి నా పూచీ.

“ఇద్దరం బయటికొస్తాంగా డాక్టరమ్మా?” అనడిగింది ఆ అమ్మాయి.

నేను నోరు తెరిచేలోపే వాళ్లత్తగారు అందుకుంది. “అదేం మాటే! ఇద్దరూ రాకపోతే నేను ఇంటి తలుపే తియ్యను,” అని మొహం గోడవైపు తిప్పుకుంది.

ముందురోజు బొమ్మతో రిహార్సల్ చేశాం. బొమ్మ తల బయటికి తీశానో లేదో, నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కత్తెర టక్కుమంది.

“బొమ్మ పోయింది మేడమ్,” అన్నాడు నిదానం, చల్లగా.

నా ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా చేతి మీద. నర్సును పిలిచి, “రేపు నేను అడిగినా, అరిచినా సరే, ఆయన సరేననేదాకా నాకు కత్తెర ఇవ్వకు,” అన్నాను.

“అరుస్తారని తెలుసు మేడమ్,” అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. తలా భుజాలూ వచ్చాయి. గడ్డ స్కానింగ్‌లో చూసినదానికన్నా పెద్దది. నిదానం వంగి గొట్టం పెట్టి చూశాడు, పోలేదు. తీసి, కాసేపు ఆగి, సన్నది పెట్టాడు. అదీ పోలేదు. ఇటు తల్లికి రక్తం పోతూనే ఉంది.

“బీపీ దిగుతోంది,” అన్నాడు మత్తు డాక్టర్, ఇంకో రక్తం సంచి తగిలిస్తూ.

“ఆలస్యం అమృతం విషం అన్నారు, విన్నారా?” అన్నాను పళ్లు కొరుకుతూ.

“నిదానమే ప్రధానం అని కూడా అన్నారు మేడమ్.” తల ఎత్తలేదు మహానుభావుడు.

“కత్తెర!” అని అరిచాను.

నర్సు ట్రే పట్టుకుని వెనక్కి జరిగింది. “ఇవ్వను మేడమ్. మీరే వద్దన్నారు.”

కోస్తే బిడ్డ దక్కదని నాకు తెలియదా? తెలుసు. కొయ్యకపోతే తల్లి ఏమవుతుందో అదీ తెలుసు. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నడూ అంత భయం వెయ్యలేదు నాకు.

“మేడమ్, ఒక చెయ్యి ఇటివ్వండి,” అన్నాడు నిదానం. “గడ్డను పైకెత్తి పట్టుకోండి. లాగొద్దు. బరువు మాత్రం తీయండి.”

ఎత్తాను. అరచేతిలో మెత్తగా, వెచ్చగా ఉంది.

“కాస్త ఎడమకు... చాలు. ఇక కదలకండి.”

నన్ను కదలొద్దని చెప్పి బతికిపోయిన మగాడు ఆయనొక్కడే. నేను కదల్లేదు. ఊపిరి కూడా తీసుకున్నట్టు లేను.

“సందు కనిపిస్తోంది,” అన్నాడు. గొట్టం పోయింది. ఊపిరి తగిలితే రంగు మారే కాగితం ఊదారంగు నుంచి పసుపుకు తిరిగింది. చిట్టి ఛాతీ పైకి లేచింది.

“గాలి వెళ్తోంది. ఇక మీ ఇష్టం మేడమ్.”

నేను అడక్కముందే కత్తెర నా చేతిలో ఉంది. కోశాను. ఆడపిల్ల. ఇంజెక్షన్ పడగానే తల్లి గర్భసంచి బిగిసింది, రక్తం కట్టింది. “బతికించావయ్యా!” అన్నాను నిదానంతో, అందరిముందూ. ఏడుపు తన్నుకొచ్చింది. మాస్కుంది కాబట్టి సరిపోయింది.

గడ్డ తీసేశారు. గొట్టం ఇంకొన్నాళ్లు ఉంచారు. అది గొంతులో ఉన్నంతకాలం పాప నోరు తెరిచి, మొహమంతా ఎర్రగా చేసుకుని ఏడ్చేది. చప్పుడు వచ్చేది కాదు. తల్లి ఆ మొహాన్నే చూస్తూ కూర్చునేది.

గొట్టం తీసిన రోజు నేనూ వెళ్లాను. పాప ముందు దగ్గింది. తర్వాత బొంగురుగా ఏదో అంది. ఆపైన వార్డు దద్దరిల్లేలా ఏడుపందుకుంది. పక్కనున్న నర్సు పాపం జోకొట్టబోయింది.

“ఆగవమ్మా!” అని చెయ్యి అడ్డుపెట్టింది అత్తగారు. “ఎవరూ దాన్ని ఊరుకోబెట్టకండి!”

ఆ అమ్మాయి పాప నోటి దగ్గర చెవి పెట్టింది. కళ్లనీళ్లు బుగ్గల మీద కారుతున్నా నవ్వుతూనే ఉంది. “కాసేపు వింటాను డాక్టరమ్మా,” అంది.

విననిచ్చాం.