డిజాక్సిన్ అత్త

ఫార్మకాలజీలో సౌజన్య రెండుసార్లు తప్పింది. రాసేది ఎట్లో రాస్తాది గానీ, వైవాలో సార్ల ముందర కూచుంటే నోరు పడిపోతాది. ఈసారీ తప్పితే తోటి పిల్లోళ్లంతా ఆస్పత్రి డ్యూటీలకు పోతారు. ఆ పిల్ల మాత్రం ఇంకో ఆర్నెల్లు నంద్యాల నర్సింగ్ హాస్టల్లోనే.

హాస్టలంటే ఉత్త హాస్టల్ కాదు. వార్డెన్ రాజమ్మ ఉండేచోట దోమ లోపలికి రావాలన్నా ఎవురి కోసం వచ్చినావో చెప్పి, సంతకం పెట్టి రావాల. ఇంగ ఫార్మకాలజీ పుస్తకం ఉంది చూడు, ఒకసారి దాన్ని కిటికీలో పెడితే మూడు రూములకు గాలాడలేదు. పొద్దున చదివిన మందుల పేర్లు మధ్యాన్నం సాంబారుతో పాటే కడుపులోకి దిగిపోతాండె. తలకాయలో ఒక్కటీ నిలబడ్ల.

ఒకనాడు లాసిక్స్ గురించి చదవతాంది. ఒంట్లో నీళ్లన్నీ ఒంటేలుకు తోసేసే మందు. టక్కున చిన్నాయన శ్రీశైలం కండ్ల ముందర నిలబడినాడు. ఆయన ఆళ్లగడ్డలో బస్సెక్కితే, నంద్యాల వచ్చేలోపల ఆయన కోసం బస్సు ఆగని చెట్టు లేదు.

సౌజన్యకు దోవ దొరికింది, మందుకొక చుట్టం. అట్రోపిన్ అంటే నోరెండిపోతాది, కండ్లలో పాపలు పెద్దవైతాయి, గుండె దడదడలాడతాది. అది నాయన జకరయ్య. చర్చిలో మైకు చేతికిచ్చి ప్రార్థన చెయ్యమంటే అచ్చం అట్లే ఐతాడు. డిజాక్సిన్ గుండెను గట్టిగా కొట్టుకునేట్టు చేస్తాది, రవ్వంత ఎక్కువైతే మాత్రం విషం. అది ఆలోచించే పనే లేదు, అత్త హన్నమ్మ.

వైవాకు ముందు ఆదివారం జకరయ్య వచ్చి, రాజమ్మను బతిమాలి, కూతుర్ని ఆళ్లగడ్డకు పిల్చకపోయినాడు. అత్త ఇంట్లో అన్నానికి కూచున్నారు. డిజాక్సిన్ ఇచ్చే ముందు నాడి చూడాల కదా. సౌజన్య తన మణికట్టు తానే పట్టుకోనింది.

"ఏందే, చెయ్యి పట్టుకోని కూచున్నావ్? ఎవురన్నా ఎత్తకపోతారనా?"

"నాడి చూసుకుంటాండా అత్తా."

"నా ఇంట్లో కూడు తినేకి నాడి చూసుకునేదేందే! ఓ జకరయ్యా, నర్సు చదువా ఇది, నాటకాల చదువా?"

అంతలో చిన్నాయన వచ్చినాడు. రెండుసార్లు పెరట్లోకి పోయొచ్చినాడు. మూడోసారి పోయేటప్పుడు, అత్త చర్చికని పక్కన పెట్టుకున్న అరటిపండ్ల గెల కూడా ఆయనతోపాటే పోయింది. ఇంగ అత్త మొదలుపెట్టింది. అరుపులకు గోస్పాడులో ఎద్దులు కట్లు తెంపుకున్నాయని చెప్పుకుంటారు. సౌజన్య పుస్తకం తెరిచే పని లేకుండానే సాయంత్రమైంది, బస్సెక్కింది.

వైవా రోజు వచ్చింది. బయట్నుంచి వచ్చిన సారు ముఖంలో నవ్వు పుట్టి చాన్నాళ్లయినట్టుంది.

"ఒకే రోగికి లాసిక్సూ, డిజాక్సినూ రెండూ ఇస్తాండారు. దేనికి భయపడాల?"

సౌజన్య తలకాయంతా వెదికింది. పుస్తకం పేజీ ఒక్కటి లేదు లోపల. అత్త ఇల్లు తప్ప ఏం కనబడ్ల.

"చిన్నాయన అరటిపండ్లు ఎత్తకపోతాడు సార్. అత్తకు పిచ్చి లేస్తాది."

పక్కనున్న కాలేజీ మేడమ్ నెత్తి పట్టుకోనింది. సారు పెన్ను కింద పెట్టినాడు.

"ఏ అత్త?"

"డిజాక్సిన్ అత్త సార్." ఆ మాట నోట్లోంచి పడినాక, అరటిపండుతో పాటు దాంట్లో ఉండేది కూడా గుర్తొచ్చింది. "పొటాషియం సార్! లాసిక్స్ దాన్ని ఒంట్లోంచి బయటికి తోసేస్తాది. అది తగ్గితే మామూలు డోసు డిజాక్సిన్ కూడా విషమైతాది. గుండె లయ తప్పుతాది. పొటాషియం పరీక్ష చేయించాల, నాడి చూడాల."

"డిజాక్సిన్ విషమైతే వాంతులైతాయి కదా, మీ అత్తకూ ఐతాయా?"

"అత్తకు కావు సార్. మాకైతాయి."

సారు ముఖం కదల్లేదు గానీ, మార్కులేసే చెయ్యి కదిలింది. "పో. గట్టెక్కినావు."

సౌజన్య రూముకు ఉరికింది, గుడ్డలు సంచిలో కుక్కింది, చెప్పులేసుకోని మెట్లు దిగింది. కింద ప్రిన్సిపాల్ మేడమ్ నిలబడి ఉంది. ఆమె పక్కన, సంతకాలు పెట్టించుకునే రాజమ్మ.

"యాడికి పోతాండావ్?"

"ఆళ్లగడ్డకు మేడమ్. సెలవులు కదా."

"జూనియర్లు నలుగురు తప్పినారు. నీ చుట్టాల పద్ధతి బాగుందని సారు మరీ మరీ చెప్పినాడు. సెలవులన్నాళ్లూ నువ్వే చెప్పాల వాళ్లకు. మీ నాయనకు ఫోన్ చేసి అడిగినాం. బంగారంగా ఉంచుకోండి అన్నాడు."

సౌజన్యకు నోరెండిపోయింది, కండ్లు పెద్దవైనాయి. అదేం మందో చెప్పేకి కూడా ఎవురూ అడగల.

పై రూములో నలుగురు పిల్లోళ్లు చాప మీద కాచుకోని ఉన్నారు. ప్యాపిలి నుంచి వచ్చిన గాయత్రి ముందే చెయ్యెత్తింది.

"అక్కా, మా ఇంట్లో అందరూ మంచోళ్లేక్కా. ఏ మందుకు ఎవుర్ని పెట్టుకోవాల?"

బయట ఆళ్లగడ్డ బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది. సౌజన్య సంచి కింద పెట్టింది.

"మంచోళ్లు యాడా ఉండరు గాయత్రీ," అనింది. "డోసు తక్కువ పడింటాది, అంతే. మీ పెద్దమ్మ గురించి చెప్పు."