అక్క చెయ్యి

"మాట పంపాం, బొమ్మ పంపాం. ఇక స్పర్శ పంపబోతున్నాం అమ్మమ్మా!" ల్యాబులో అమ్మమ్మ చేతికి గ్లవ్ తొడుగుతూ ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు. పొద్దుట్నుంచీ నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు మరి.

"సరేలేవే, ముందు మా చెల్లెల్ని పట్టుకోనీ," అంది అమ్మమ్మ.

ఆ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, సముద్రానికి అవతల ఉంటుంది. కొన్నాళ్ళుగా ఆవిడకు చూపూ లేదు, వినికిడీ లేదు. ఫోను చేస్తే వినపడదు, వీడియోలో కనిపిస్తే చూడలేదు. విమానం ఎక్కి దిగే ఓపిక ఇద్దరికీ లేదు. ఇటు పట్టు అటూ, అటు పట్టు ఇటూ అందించే ఈ గ్లవ్‌ల జత పనిచేస్తేనే అక్కాచెల్లెళ్ళు కలుసుకోవడం, లేకపోతే ఈ జన్మకింతే. మా బాసుకిది ఇంకో పరీక్ష, నాకు మాత్రం మా అమ్మమ్మ.

బాసుగారికి మేం పెట్టుకున్న పేరు తొందర. "కలుపు, కలుపు!" అంటూ నా నెత్తిమీదే నిలబడ్డాడు.

తెరమీద అటువైపు గది కనబడుతోంది. పిన్ని తన తల్లికి గ్లవ్ తొడిగి, రెండో అరచేతిలో వేలితో 'అక్క' అని రాసింది. లైను కలిపాను. ఇక్కడ అమ్మమ్మ పిడికిలి మూసింది, అక్కడ చిన్నమ్మమ్మ గ్లవ్ బిగిసింది.

తొందర గంతేశాడు.

చిన్నమ్మమ్మ మొహం చిట్లించింది. "ఎవరే ఈ పిల్ల? అక్క కాదు," అని చెయ్యి లాగేసుకుంది.

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. తెర పక్కన అమ్మమ్మ గ్లవ్ కదలికల గ్రాఫు చూస్తే గీత నున్నగా, ముచ్చటగా పోతోంది. అమ్మమ్మ చెయ్యి చూస్తే ఎప్పట్లాగే వణుకుతోంది. పడుచుతనం నుంచీ ఉన్న వణుకు అది. టీ కప్పు ఎత్తితే సగం ఒళ్ళోనే. చెల్లెలొచ్చి రెండు చేతులా పట్టుకుంటేనే ఆ చెయ్యి నిలిచేదట.

అప్పుడు వెలిగింది నాకు. లైనులో వణుకు కనిపిస్తే చాలు, చెత్త అనుకుని వడగట్టడమే మా ఉద్యోగం. అమ్మమ్మనీ వడగట్టేశాం! తెలివి మరీ ముదిరితే ఇంతే.

"ఫిల్టర్ తీసేస్తున్నా సార్."

"అయ్యో, చెత్తంతా అటు పోతుందమ్మా!"

"పోనివ్వండి!"

తీసేశాను. గీత ఎగిరెగిరి పడింది. పిన్ని బతిమాలి మళ్ళీ చాపించిన చిన్నమ్మమ్మ చెయ్యి, గ్లవ్‌లో గజగజా ఊగింది. ఆవిడ గదంతా దద్దరిల్లేలా అరిచింది.

"ఒలకబోస్తావే అక్కా! ఆగు!"

రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా పట్టుకుంది. సంతోషం పట్టలేక నేనూ అరిచాను.

అంతలో గీత తిన్నగా అయిపోయింది.

"కొంప మునిగింది, లైను తెగింది!" తొందర తీగల వైపు పరిగెత్తాడు.

లైను తెగలేదు. అమ్మమ్మ చెయ్యి వణకడం మానేసింది.