పెద్దాయన పాదాల మట్టి

సూర్యాపేటలో బస్సులు ఇంకా గొంతు విప్పకముందే కరుణ బిందె చంకనేసుకుని విగ్రహం దగ్గరికి వస్తుంది. గద్దె ఊడుస్తుంది, పావురాల రెట్ట గీకుతుంది, చివరికి పెద్దాయన కాళ్ళు కడుగుతుంది. దేశాన్ని నిలబెట్టిన పెద్దాయన జైల్లో పదేళ్ళున్నాడట, పోయినప్పుడు పెట్టెలో రెండు జతల బట్టలే మిగిలాయట. ఇప్పుడు కంచుబొమ్మ అయినా ఊరికే నిలబడడు. రాత్రిళ్ళు, తన పాదాలు పట్టుకుని ఒట్టేసినవాళ్ళ దగ్గరికి నడిచిపోయి, మాట మీద ఉన్నారో లేదో చూసి, తెల్లారేసరికి గద్దెనెక్కుతాడు. ఎటు పోయొచ్చాడో మట్టిని బట్టి కరుణ చెప్పేస్తుంది. నల్లబురదయితే నేరేడుచర్ల మళ్ళు, ఎర్రదుమ్మయితే తుంగతుర్తి దిక్కు.

"ఎలక్షన్ల నెలల, పాపం, ఆయన మడమలు పగిలినయి బిడ్డా," అంటాడు పక్కనే చాయ్ అమ్మే పర్వతాలు. "ఒట్టేసినోళ్ళు గంతమంది మరి! నేనైతే బీడీ మానేస్తనని ఒట్టేసి, తప్పి, మూడొద్దులు ఇంటికే పోలే, ఆయన మొకం జూడలేక."

పోయిన వానకాలం శ్రీను కూడా ఆ పాదాలు పట్టుకున్నాడు. యువజన సంఘం నాయకుడు, మైకు పట్టాడంటే కరుణకు చెవుల్లో వాన కురిసినట్టుండేది. "కులం లేదు, మతం లేదు, నా పెండ్లి కరుణతోనే," అన్నాడు. ఆ చెయ్యి పక్కనే చెయ్యిపెట్టి కరుణ కూడా ఒట్టేసింది, తాత జాగలో పెద్దాయన పేరు మీద పిల్లలు చదువుకునే గది లేపిస్తానని. దున్నేవాడిదే భూమి అన్న పెద్దాయన మాట చెవిన పడి, పన్నెండేళ్ళు కూలిచేసి తాత మత్తయ్య కొన్న జాగ అది. కోదాడ రోడ్డు మీద పది గుంటలు. కాయితాలు తన పేరు మీదుంటే పని జల్ది అయితదన్నాడు శ్రీను. పెండ్లయ్యాక నీది నాది ఏముంది అనుకుంది కరుణ. గది కిటికీలకు ఏ రంగు వెయ్యాలో కూడా అనుకుంది.

జాగ శ్రీను పేరుకు రాసే సంతకం ఆ పొద్దున పదిగంటలకే, రిజిస్ట్రేషన్ ఆఫీసులో. నీలం చీర కట్టుకుని వచ్చి పెద్దాయన కాళ్ళ మీద నీళ్ళు పోసింది.

మట్టి లేదు. వేళ్ళ సందుల్లో పసుపు బియ్యం. వేలితో తీస్తే గుప్పెడు వచ్చాయి. తలంబ్రాలు.

"ఎవరిదో లగ్గానికి పోయొచ్చినట్టుండు," అన్న పర్వతాలు, కరుణ మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

మిర్యాలగూడలో మీటింగుందని శ్రీను నిన్ననే పోయాడు. కరుణ ఫోన్ చేసింది.

"నేను రాలేకపోతున్న కరుణా. ఆఫీసు కాడ మా సంఘం సంతోష్ ఉంటడు. సంతకం పెట్టు, అంతే."

"ఆ సన్నాయి ఏంది?"

"పక్క హాల్ల ఎవరిదో లగ్గం."

"పెద్దాయన కాళ్ళకు తలంబ్రాలు అంటుకున్నయ్ శ్రీను."

శ్రీను ఫోన్ పట్టుకుని పక్కకు నడిచినట్టున్నాడు, సన్నాయి దూరమైంది.

"మా ఇంట్ల ఒప్పుకోలే," అన్నాడు. "నువ్వయితే సంతకం ఆపకు. గది పెద్దాయన పేరు మీదనే కదా."

ఆ మాటకు రాని ఏడుపు, ఫోన్ పెట్టేశాక గుప్పిట్లో బియ్యం చూస్తే వచ్చింది. ఒక్కో గింజా పావురాలకు వేసింది. అవి శ్రీను పెండ్లిని టకటకా ఏరుకు తినేశాయి. పది దాటింది. సంతోష్ ఏడుసార్లు ఫోన్ చేశాడు. పర్వతాలు చాయ్ గ్లాసు పక్కన పెట్టి పోయాడు. కరుణ గద్దె దిగలేదు.

మర్నాడు పెద్దాయన బొటనవేలికి తంగేడు పువ్వు అతుక్కుని ఉంది, మడమలకు గులకమట్టి. ఆ మట్టి ఎక్కడిదో తెలియడానికి కరుణకు వాసన చూసే పని కూడా లేకపోయింది. తంగేడు పొదలు, గులకమట్టి కలిసి ఉన్నది తాత జాగలోనే. ఒట్టేసింది శ్రీను ఒక్కడే కాదు.

ఆ మధ్యాహ్నం తల్లి సుగుణమ్మ, తనూ పారలు తీసుకుని ఆ జాగకు పోయారు. మూడో రోజూ పువ్వు, నాలుగో రోజూ పువ్వు. రోజూ తన కోసం ఇంత దూరం నడిచొచ్చే మనిషి ఇంకెవరున్నారు అనిపించింది కరుణకు.

ఐదో రోజు బొబ్బలెక్కిన చేతులతో పెద్దాయన కాళ్ళు రుద్దుతూ మెల్లగా అంది:

"పునాది తవ్వుతున్నం తాతా. జర సూసి నడువు, గుంతల పడ్తవ్."