జక్కరయ్య సాక్ష్యం, నా ఒళ్ళుమంట

నేను ఒక చేతిరుమాలును. చీరాల మగ్గం మీద నీలి అంచుతో పుట్టాను. మొదట ఒక బస్సు కండక్టరు నన్ను కొని రెండేళ్ళు మెడ తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్తదని చెప్పి వాళ్ళ బావ జక్కరయ్యకు క్రిస్మస్ బహుమతిగా ఇచ్చాడు. అక్కడితో నా పరువు పోయింది.

జక్కరయ్య సంఘపెద్ద. ప్రతి ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతాడు. "నా అంత పాపి ఈ ఊళ్ళో లేడు ప్రభువా! అయినా నేను నమ్మాను, నన్ను క్షమించేశావు!" అంటూ నన్ను కళ్ళకు అడ్డం పెట్టుకుని ఊగిపోతాడు. సంఘమంతా వెక్కివెక్కి ఏడుస్తుంది. నేను మాత్రం ఎండిన అప్పడంలా జేబులోకి తిరిగొస్తాను. చుక్క తడి ఉంటే ఒట్టు. ఆ చేసిన పాపం ఏమిటో ఏనాడూ చెప్పడు. నాకు తెలుసు. అదే నా ఒళ్ళుమంట.

మూడేళ్ళ కిందట, మే నెల శనివారం. మర్నాడు ప్రభువు బల్ల, గుడిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. గుడిలో తాళం వెయ్యని అలమరలో ఆ రసం సీసా ఉంది. కిటికీలు సరిచూడ్డానికొచ్చిన ఈ మహానుభావుడికి దాహం వేసింది. ఒక గుక్క అనుకున్నాడు, సీసా ఖాళీ అయింది. మీసాలు నాతోనే తుడుచుకున్నాడు. తెల్లారి గొడవైతే, "తాళం దోర్కమ్మక్క దగ్గరే ఉంటది గదండీ" అన్నాడు.

దోర్కమ్మ గుడి ఊడుస్తుంది, బల్లకు పులియని రొట్టె కాలుస్తుంది. ఆ రోజే ఆ పని తీసేశారు. తప్పు ఒప్పుకునేదాకా రొట్టె ముట్టకూడదన్నారు. అప్పటినుంచి ఆమె చోటు వెనక, తలుపు పక్కన చాప మీద. రొట్టె పళ్ళెం ఆమె ముందు నుంచే పోతుంది, ఆగదు. రసం తాగినవాడు ముందు వరసలో కుర్చీ మీద, విశ్వాసవీరుడు. దేవుడి దగ్గర తన లెక్క ఎప్పుడో సరిపోయిందట. దోర్కమ్మ ఇల్లు గుడికి నాలుగిళ్ళ అవతలే. అక్కడిదాకా నడవడానికి మాత్రం ఆ విశ్వాసానికి కాళ్ళు రాలేదు.

మొన్న ఆదివారం పాస్టరు తిమోతి అయ్యగారు గట్టిగానే అన్నారు. "అమ్మా, ఇయ్యాళ ఒప్పుకోకపోతే నీ పేరు సంఘంలోంచి తీసేయాల్సొస్తది. రేపు సమాధుల తోటలో చోటు కూడా ఉండదు." ఆమె భర్త సమాధి అక్కడే ఉంది, వేపచెట్టు కింద.

దోర్కమ్మ లేచింది. "చెయ్యని పాపం ఒప్పుకుంటే అది ఇంకో పాపం గదా అయ్యగారూ. నోట్లో అబద్ధం పెట్టుకుని రొట్టె ఎట్టా నమలమంటారు?" అంది. కళ్ళు నిండాయి.

మన వీరుడు ఊరుకుంటాడా? వెనక్కి వెళ్ళి నన్ను ఆమెకు చాపాడు. "తుడుచుకో అక్కా. నేనైతే నిన్నెప్పుడో క్షమించేశా." నాకు నోరుంటే కొరికేదాన్ని.

ఆమె నన్ను ముట్టలేదు. అతనికే వినబడేలా అంది. "ఆ రోజు నువ్వు మూతి తుడుచుకుంటా బయటికి రావడం చూశా అబ్బాయ్. నేను చెప్తే నమ్మేదెవరు? నువ్వే చెప్తావని చూస్తన్నా. నేను పోయింతర్వాత చెప్తావా?"

జక్కరయ్య చెయ్యి కిందికి వాలిపోయింది. నేను నేలమీద పడ్డాను. అతను బల్ల వైపు తిరిగాడు.

"అయ్యగారూ, అది తాగింది నేనే. ఈ అక్క మీద అబద్ధం చెప్పా."

స్తోత్రం లేదు, ఊగడం లేదు. రెండే ముక్కలు. మూడేళ్ళలో అతను చెప్పిన సాక్ష్యం అదొక్కటే.

సంఘం ఏం చేసిందనుకున్నారు? హల్లెలూయా అంది! పెద్దలు అతన్ని చుట్టుముట్టి, "ఎంత గొప్ప మారుమనస్సు బ్రదరూ!" అని వీపు తట్టారు. మూడేళ్ళు వెలేసిన ముసలిదాని వైపు ఒక్కరూ తిరగలేదు. ఆ హడావిడిలో నన్ను తొక్కినవాళ్ళెందరో!

జక్కరయ్య వాళ్ళను తోసుకుని, బల్ల మీది పళ్ళెం తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు. తను మాత్రం తీసుకోలేదు. చాప అంచున కూలబడ్డాడు.

దోర్కమ్మ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలి మింగింది. అప్పుడు అతని వైపు చూసింది.

"కొంచెం అటు జరుగు. ఈ రొట్టె ఎవరు కాల్చారోగానీ, పచ్చిపచ్చిగా ఉంది. వచ్చేవారం నేనే కాలుస్తా, పొయ్యి నువ్వు ఊదు."